ఇంజను లైటు, నా నోరు

వికారాబాద్ పక్కన అనంతగిరి ఘాటు రోడ్డు మూడో మలుపు దగ్గర అది మొదటిసారి వెలిగింది. స్టీరింగ్ వెనక, పసుపు రంగులో, ఇంజను బొమ్మ. బండి ఆగలేదు, దగ్గలేదు, పొగ వదలలేదు. అయినా దీపం వెలిగింది. యాభై ఏళ్లు ఇంజన్ల మధ్య బతికిన మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? నా బండికి జబ్బు చేసిందని నాకంటే ముందు దానికి తెలిసింది. తెలిసీ ఏం జబ్బో చెప్పదు. పాత ఇంజన్లు ఇలా ఉండేవి కావు. నొప్పి ఎక్కడుంటే అక్కడే అరిచేవి. చెవి పెడితే చాలు, వాల్వా బేరింగా తెలిసిపోయేది. ఇది చాడీలు చెప్పే దీపం. "ఏదో ఉంది, నేను చెప్పను, చెప్పేవాడి దగ్గరికి పో" అంటుంది.

ఆ చెప్పేవాడి దగ్గరికి పోవడం నేను చేసిన మొదటి తప్పు. రెండోది తాండూరులో చేశాను. దానివల్ల ఒక మెకానిక్కు నాలుగు స్కూలు వ్యాన్ల పని, అంటే అతని వేసవి మొత్తం, పోయే దాకా వచ్చింది. ఆ వారం సంగతే ఇది. తప్పు ఒప్పుకుంటున్నాను కదా అని నన్ను ఎవరూ మంచివాడనుకోవద్దు. కోపం చల్లారాక రాస్తున్నది కాదిది.

నేను దోమ అనే ఊరి పక్క పల్లెలో గొర్రెల మంద వెనక పెరిగాను. ఐదో తరగతి తర్వాత నాకు బడి లేదు. ఇంగ్లీషు అక్షరాలు తాండూరు బండ గనుల్లో, డీజిల్ ఇంజన్ల మీద బిగించిన ఇత్తడి రేకులు చూసి నేర్చుకున్నాను. కంప్రెషర్ నడిపేవాణ్ణి. రాయికి రంధ్రాలు వేసే మిషన్లకు గాలి పంపే కంప్రెషర్ అది. గనిలో దుమ్ము ఎలా ఉంటుందో చూసినవాడికే తెలుసు. పిండిలా ఉంటుంది, పళ్ల మధ్య కరకరలాడుతుంది. ఆ దుమ్ము ఇంజను మింగితే ఆర్నెల్లలో పిస్టన్ అరిగిపోయేది. అందుకని గాలి పీల్చే మూతికి నూనెలో ముంచి పిండిన నూలు గుడ్డ కట్టేవాళ్లం. దుమ్మంతా ఆ గుడ్డకే అంటుకునేది. ఏ పుస్తకంలోనూ లేదది. గనిలో ప్రతివాడూ చేసేవాడు. ఆ గుడ్డే నా ఇంజన్లను బతికించింది.

ఇప్పుడు వికారాబాద్‌లో ఉంటాను. బండి మాత్రం తాండూరులోనే చేయిస్తాను. అక్కడి మెకానిక్ నాకంటే పదిహేనేళ్లు చిన్న. నా మొదటి మోపెడ్ నుంచి ఈ కారు దాకా అన్నీ అతని చేతి మీద నడిచినవే. నేను "భాయ్" అంటాను, అతను "సాబ్" అంటాడు. దీపం వెలగడానికి పది రోజుల ముందు అతనే సర్వీసు చేశాడు. ఆ మర్నాడు పొద్దున నేను ఇంట్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి, అతను పెట్టిన కొత్త కాగితం ఫిల్టర్ మీద నూనె గుడ్డ ఒకటి పరిచి మూసేశాను. తాండూరు రోడ్డు మీద రాళ్ల లారీల వెనక నడిచే బండి కదా. మంచి పనే చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

దీపం వెలిగిన మర్నాడు వికారాబాద్‌లోనే ఉన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయాను. అద్దాల గది, చల్లటి గాలి, గోడకు పెద్ద టీవీ. చేతిలో పలక లాంటిది పట్టుకుని ఒకతను వచ్చాడు. నాకు మేనల్లుడు కాడు, అయినా అంకుల్ అన్నాడు.

"అంకుల్, లాస్ట్ సర్వీస్ ఎక్కడ చేయించిన్రు?"

"తాండూర్ల."

"మా దగ్గర కాదా?"

"కాదు."

"అదే అంకుల్ ప్రాబ్లం. లోకల్ మెకానిక్ కెలికిండు."

అప్పటికి బానెట్ కూడా తెరవలేదు! డాక్టరు నాడి పట్టకుండానే, రోగి ఏ ఊరివాడో అడిగి జబ్బు పేరు చెప్పినట్టుంది. తర్వాత స్టీరింగ్ కింద ఏదో తీగ గుచ్చి, పలక మీద వేలు ఆడించి, మార్చాల్సిన సామాన్ల పేర్లు చదివాడు. పొగగొట్టంలో ఉండే కన్వర్టర్, రెండు సెన్సర్లు, ఇంజెక్టర్లు.

"ఎందుకు మార్చాలె?"

"సిస్టం చూపిస్తుంది అంకుల్."

"నాకు గూడ చూపియ్యి."

"కస్టమర్లకు చూపియ్యం."

నా బండి గురించి నా బండి చెప్పిన మాట నాకు చూపించరట! అతనిచ్చిన కాగితాన్ని గేటు దగ్గర చెత్తడబ్బాలో పడేశాను. కానీ ఒక మాట మాత్రం పడేయలేదు. లోకల్ మెకానిక్ కెలికిండు. సామాన్ల గురించి అతను చెప్పింది ఒక్కటీ నమ్మని నేను ఆ ఒక్క మాట ఎందుకు నమ్మానో ఇప్పుడు తెలుసు. తప్పు ఎవడిదో ఒకడిది కావాలి. అది నాది కాకుంటే చాలు.

బుధవారం తాండూరు పోయాను. అతని షెడ్డు పాలిష్ యూనిట్ల వరసలో ఉంది. ముందంతా రాతి బురద ఎండి తెల్లగా పగిలి ఉంటుంది. షెడ్డులో స్కూలు వ్యాను ఒకటి జాకీ మీద ఉంది. ఆ స్కూలు కరస్పాండెంట్ స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఆయన వ్యాన్లు నాలుగూ ఫిట్‌నెస్ పరీక్షకు తయారు కావాలి. ఆ పని ఎవరికియ్యాలో మాట్లాడుకునే రోజు అది. నాకది తెలియదని చెప్పను. వ్యాను చూస్తే తెలిసిపోతూనే ఉంది.

"నమస్తే సాబ్. కూసోండ్రి, చాయ్ చెప్పిస్త," అన్నాడు మెకానిక్.

"చాయ్ నీ దగ్గర్నే పెట్టుకో. ఏం పని చేసినవ్ భాయ్ నా బండికి? నీ చేతిల పడి పది దినాలు కాలే, ఇంజన్ లైట్ వెలిగింది."

"ఏం కోడ్ వచ్చింది సాబ్?"

"కోడ్ గీడ్ నాకు చెప్పకు. ఏం కెలికినవో చెప్పు."

"కెలుకుడేంది సాబ్? ఆయిల్ మార్చిన, ఫిల్టర్ మార్చిన, థ్రాటిల్ సాఫ్ చేసిన. మీ ముంగటనే చేస్తి గదా. మీరు గా స్టూల్ మీదనే కూసుండి, కోడిని పిల్లి చూసినట్టు నా చేతులే చూస్తుంటిరి."

కరస్పాండెంట్ నవ్వాడు. పక్క కొట్టులో టైర్లు అతికేవాడూ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"కంపెనోళ్లే చెప్పిండ్రు, నీ పనేనని!"

"బానెట్ తెరిచి చూసి చెప్పిండ్రా?"

"తెరిచే చెప్పిండ్రు," అన్నాను.

అబద్ధం. నా నోటితో, నడి బజార్లో, అంత వయసులో.

మెకానిక్ మొహం మారింది. కరస్పాండెంట్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏం భాయ్, గిట్లనా నీ పని? పిల్లలెక్కే బండ్లు నావి."

"సార్, ఆరేండ్ల సంది మీ వ్యాన్లు చూస్తున్న. ఒక్కపారన్న నడిమిట్ల ఆగిందా?"

"ఆగినంక ఏం చేస్త? పిల్లల తల్లిదండ్రులు నన్ను గేటు కాడ నిలబెడ్తరు. సోమారం దాక ఆలోచిస్త. అప్పటిదాక గీ వ్యాను దించు."

జాకీ మీద ఉన్న వ్యానును మెకానిక్ దించాడు. దించుతూనే నాతో అన్నాడు, "సాబ్, బండి ఇడ్సిపొండ్రి. ఒక్క పూట. నేనే చూస్త."

"మళ్ల నీ చేతికా? నక్కో, వద్దు!" అని కారెక్కాను.

ధారూరు దాకా గెలిచినవాడిలా నడిపాను. ఆ దీపం ఎదురుగా వెలుగుతూనే ఉంది.

ఇక తప్పు మెకానిక్‌దేనని రుజువు చేయాలి. కోడ్ చదివే చిన్న పరికరం ఒకటి తెప్పించాను, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. శుక్రవారం వచ్చింది. స్టీరింగ్ కింద, మోకాలి పైన దానికొక సాకెట్ ఉంటుంది. గుచ్చితే ఫోన్‌లో మాటలు కనిపిస్తాయి. ఇంత సులువైన దాన్ని అద్దాల గదిలో బ్రహ్మవిద్యలా దాచారు! కోడ్ చెప్పింది ఒకటే, ఇంజనులో పెట్రోలుకు మించి గాలి ఉంది అని. ఎక్కడ చూడాలో చెప్తుంది కానీ ఏం పాడైందో కోడ్ చెప్పదు. కోడ్ చూసి సామాను మార్చేవాడు మెకానిక్ కాడు, దుకాణందారు. కన్వర్టర్ మార్చమన్నవాడికి ఈ కోడే కనిపించి ఉంటుంది కదా, దానికీ కన్వర్టర్‌కూ ఏం సంబంధమో నాకిప్పటికీ అర్థం కాదు.

గాలి ఎక్కువైతే కారణాలు మూడు. రబ్బరు గొట్టం ఎక్కడో వదులై, లెక్కకు రాని గాలి లోపలికి జొరబడుతుండాలి. లేదా వచ్చే గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెప్తుండాలి. లేదా పెట్రోలు సరిగ్గా అందకపోతుండాలి. నాకు మొదటిదే కావాలి. ఇంజనుకు గాలి వదిలే తలుపు లాంటి థ్రాటిల్‌ను కడగడానికి మెకానిక్ విప్పిన గొట్టం అదే కాబట్టి.

శనివారం పొద్దున ఇంజను స్టార్ట్ చేసి, అగరుబత్తి వెలిగించి, పెట్రోలు పైపులకు దూరంగా, గాలి గొట్టం అతుకుల దగ్గర పొగ పెట్టాను. చిల్లి ఉంటే పొగ లోపలికి లాక్కుపోతుంది. మా ఆవిడ గడపలో నిలబడి చూస్తోంది.

"ఏమయ్యా, దేవునికి ఏనాడన్న వెలిగించినవా? ఇంజన్‌కు చూపిస్తున్నవ్."

"దేవుడు నా బండి నడపడు."

"నువ్వు నడిపిందే చూస్తున్న గదా, దీపం పెట్టుకొని."

పొగ ఏ అతుకు దగ్గరా వంకర పోలేదు, నిటారుగా లేచింది. టార్చి వేసి చూశాను. గొట్టానికి ఒక క్లిప్పు కొత్తది. పాతది తుప్పు పట్టి ఉండేది, నాకు గుర్తుంది. అడగకుండానే మార్చాడు. మార్చానని చెప్పనూ లేదు. వేలితో లాగితే కదలలేదు. నాకు సంతోషం కలగాలి కదా? కోపం వచ్చింది. తప్పు దొరకాల్సిన చోట మంచి పని దొరికితే ఏం చేసుకోను?

ఫోన్‌లో ఇంకొకటి చూడొచ్చు. కొరత పడిన పెట్రోలును ఇంజను ఎంత పెంచి పోసుకుంటోందో అది చెప్తుంది. గొట్టం లీకైతే, ఊరికే నిలబడి తిరిగేటప్పుడు ఆ అంకె పెద్దగా ఉండి, రేసు పెంచితే తగ్గుతుంది. నా బండిలో తిరగబడింది. నిలబడినప్పుడు తక్కువ, రేసు పెంచిన కొద్దీ ఎక్కువ. పెట్రోలు అందకపోయినా ఇలాగే చూపించొచ్చు. కానీ ట్యాంకు దాకా పోకముందు చేతికి అందేది గాలిని కొలిచే సెన్సర్. రెండు మరలు విప్పి బయటికి తీశాను. లోపల వెంట్రుక లాంటి తీగలు రెండుంటాయి. మెరవాల్సిన తీగల మీద నల్లటి జిడ్డు, ఆ జిడ్డుకు సన్నటి నూలు పోగు ఒకటి.

నూలు పోగు చూసినప్పుడే అది ఎక్కడిదో తెలిసింది. కానీ ఫిల్టర్ డబ్బా మూత తెరిచే దాకా ఒప్పుకోలేదు. తెరిచాను. నా గుడ్డ అలాగే ఉంది, నూనె కారి, మూత వైపు అతుక్కుని. కంప్రెషర్‌లో గుడ్డ బయట ఉండేది, దుమ్ము వచ్చే వైపు. ఆ ఇంజనులో గాలిని కొలిచేది ఏదీ లేదు, నూనె పోయినా డీజిల్‌తో పాటు కాలిపోయేది. ఇక్కడ నేను గుడ్డను ఫిల్టర్ దాటాక, శుభ్రమైన వైపు పరిచాను. అక్కడి నుంచి జానెడు దూరంలో ఆ తీగలు. పీల్చిన ప్రతి గాలీ నా నూనెను తీసుకుపోయి వాటికి పూసింది. నూనె పూసిన తీగ గాలిని తక్కువ లెక్క కట్టింది, ఆ లెక్క ప్రకారమే ఇంజనుకు పెట్రోలు తక్కువ అందింది.

మా ఆవిడ వచ్చి గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇది నా జరీ అంచు నూలు చీర. ఎలుకలు కొరికినయంటివి గదా?"

విప్పిన మరలు రెండూ ఏరి జేబులో వేసుకున్నాను.

"అంటే గా మెకానిక్ ఏం చేయలే."

"చేయలే."

"మరి సోమారం వ్యాన్ల ముచ్చట?"

ఆమెకు ఆ సంగతి బుధవారమే చెప్పాను, గొప్పగా.

టీవీలు బాగుచేసే దుకాణంలో కరెంటు సామాను కడిగే స్ప్రే దొరుకుతుంది, కొట్టగానే ఆరిపోతుంది. అది తెచ్చి, తీగలను వేలితో తాకకుండా దూరం నుంచి కొట్టాను. తాకితే తెగుతాయి. గంటసేపు ఆరనిచ్చాను. డబ్బా తుడిచి, నూనె అంటిన ఫిల్టర్ పారేసి కొత్తది వేశాను. కోడ్ చెరిపాను. దీపం ఆరింది. ఆర్పడం రిపేరు కాదని తెలుసు కాబట్టి ఆదివారం నవాబుపేట దాకా పోయి వచ్చాను. అంకె కిందికి దిగి నిలబడింది. దీపం మళ్లీ వెలగలేదు.

ఆ దారిలోనే పాడు ఆలోచన వచ్చింది. ఎవరికి తెలుసు? గుడ్డ పొయ్యిలో వేస్తే అయిపోతుంది. ఇంకో మెకానిక్ ఆ వ్యాన్లు చేస్తాడు, లోకం మునిగిపోదు. నేను తప్పు చెప్పానని ఒప్పుకోవడం కంటే అతను తప్పు చేశాడనుకోవడం ఊరికి కూడా సులువే. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి కారు ముందు సీటులో పెట్టడానికి నిలబడి ఉంది. నేను దిగగానే సీటులో పెట్టి లోపలికి పోయింది.

సోమవారం పొద్దున ముందు స్కూలుకే పోయాను. కరస్పాండెంట్‌కు సంచి విప్పి చూపించి, జరిగింది చెప్పాను. కంపెనీవాళ్లు బానెట్ తెరవలేదని కూడా చెప్పాను.

"బుధారం గట్ల చెప్పినవ్, ఇయ్యాల గిట్ల చెప్తున్నవ్. ఏది నమ్మాలె పెద్దమనిషీ?"

"గుడ్డను నమ్ము."

అతను గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. "నాకు చెప్తే ఏమొస్తది? నువ్వు తిట్టింది ఆడ. నలుగురు ఇన్నరు. ఆడికే పోదాం, నడు."

నాకేం పని చెప్తున్నాడితను అని ఒళ్లు మండింది. కానీ పోయాను. అతని బండి ముందు, నా బండి వెనక.

షెడ్డులో మెకానిక్ ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. టైర్లవాడు ఉన్నాడు. ఇంకో ఇద్దరు ఉన్నారు. నేను గుడ్డ తీసి బానెట్ మీద పరిచాను.

"భాయ్, తప్పు నాది. గీ నూనె గుడ్డ ఫిల్టర్ మీద నేనే ఏసిన. నీ పని మంచిగనే ఉండె. కంపెనోళ్లు బానెట్ తెరువలే, నేను అబద్ధమాడిన."

అతను ఆటో కింద నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గుడ్డ చూశాడు. టైర్లవాడు అన్నాడు, "సాబ్ ఇంజన్‌కు చీర కట్టిండు భాయ్!" అందరూ నవ్వారు. మెకానిక్ నవ్వలేదు.

"సెన్సర్ దేంతోని కడిగిన్రు?" అని అడిగాడు.

చెప్పాను. తలూపాడు. తర్వాత కరస్పాండెంట్ వైపు తిరిగి, "సార్, మరి వ్యాన్లు?" అన్నాడు.

"రేపటి సంది ఒక్కొక్కటి పంపిస్త. నాల్గు నువ్వే చెయ్."

కరస్పాండెంట్ వెళ్లిపోయాడు. నేను స్టూలు లాక్కోబోయాను. మెకానిక్ దాన్ని కాలితో పక్కకు జరిపాడు.

"సాబ్, మీ బండి ఇంక నా దగ్గరికి తేవొద్దు."

"ఎందుకు? నలుగుర్ల ఒప్పుకున్న గదా!"

"ఒప్పుకున్నరు. మీ పెద్దతనం. గాని గా దినం నేను అడిగిన, ఒక్క పూట ఇడ్సిపొండ్రి, చూస్త అని. మీరు నక్కో అన్నరు. ఇడ్సిపోతే డబ్బా తెరిచేటోణ్ణి, గుడ్డ దొరికేది, ఇద్దరం నవ్వుకునేటోళ్లం. ఐదు దినాలు నా ఇంట్ల ఎవ్వరం సక్కగ తినలే సాబ్."

"నేను నీకంటె పెద్దోణ్ణి. ఇంత దూరం వచ్చి చెప్పిన."

"పెద్దోళ్లే. అందుకే గింతల ఇడ్సిపెడ్తున్న."

మళ్లీ ఆటో కిందికి పోయాడు. అతని రెండు కాళ్లతో ఎంతసేపని మాట్లాడతాను? గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. దారి పొడుగునా అతన్నే తిట్టుకున్నాను. ఇంత పొగరేమిటి? ఇన్నేళ్ల పరిచయం ఒక్క బుధవారానికి తెగిపోతుందా? అనుకుంటూనే ఉన్నాను, ఆ బుధవారం తెంపింది ఎవరో తెలిసి కూడా.

ఇప్పుడు నా బండి పని నేనే చేసుకుంటున్నాను. ఆయిల్, ఫిల్టర్, ప్లగ్గులు. చేతకానిది వస్తే ఏం చేయాలో తెలియదు. వికారాబాద్ అద్దాల గదికి మాత్రం చచ్చినా పోను.

వానలు పడ్డాక ఒకసారి కందులు అమ్మడానికి పోయే బంధువును నా కారులోనే ఎక్కించుకుని తాండూరు పోయాను. రైల్వే గేటు పడింది. నా కిటికీ పక్కనే మోటారు సైకిలు వచ్చి ఆగింది, మెకానిక్‌దే. నన్ను చూశాడు, కానీ నా మొహం వైపు కాదు. తల కొంచెం వంచి, నా ఇంజను తిరుగుతున్న చప్పుడు విన్నాడు. గూడ్సు బండి పోయేంతసేపూ ఆ చప్పుళ్లో నా ఇంజను చప్పుడును ఏరుకుని వింటున్నట్టే ఉన్నాడు. నేను కిటికీ దించాను. చప్పుడు ఎలా ఉందని అడగాలనుకున్నాను, నోరు రాలేదు. గేటు లేచింది. కిక్కు కొట్టి ముందుకు పోయాడు.